నోటు మీద తేదీ నాటికి ఆ డబ్బు ఎవరిది?

పాఠకుల ప్రశ్నలు, ఒక ప్లీడరమ్మ జవాబులు

ఈసారి పోస్టులో వచ్చినవాటిలో ఆరు ఉత్తరాలు ఒకే తాడుకి కట్టినట్టున్నాయి. తండ్రి పోయిన పిల్లలు, మధ్యలో ఒక పెద్దదిక్కు, వసూలు కాని బాకీ. వాటిలో సగానికి పైగా ఉత్తరాల్లో “మైనరు డబ్బుకి కాలదోషం పట్టదట కదండీ” అన్న మాట కూడా ఉంది. ఈ మాట అమలాపురం కోర్టు ఆవరణలో టీ కొట్టు దగ్గర నేను 30 ఏళ్లుగా వింటున్నాను. కాలదోషం అంటే దావా వేసే గడువు దాటిపోవడం. ఆ మాట సగమే నిజం. ఆ రెండో సగం తెలియక మునిగిన ఇళ్లలో మాదీ ఒకటి. అందుకని ఈ నెల గట్టు తగాదాలూ విడాకులూ పక్కనపెట్టి ఈ ఆరింటికే జవాబు రాస్తున్నాను. పేర్లు తీసేశాను.

ప్రశ్న: అమ్మా, మాది కొత్తపేట దగ్గర పల్లె. మా ఆయన 2024 జనవరిలో పోయారు. బాబుకి 13, పాపకి 10. ఆయన ఉండగా 2022 నవంబరు 14న ఒక కొబ్బరి వర్తకుడికి 4 లక్షలు నూటికి రూపాయిన్నర వడ్డీకి ఇచ్చి ప్రోనోటు రాయించుకున్నారు. ఇంతవరకు పైసా రాలేదు. నోటు మా బావగారి దగ్గర ఉంది. కర్మకాండలయ్యాక పెద్దమనుషుల్లో ఆయన్నే పిల్లలకి గార్డియను అనుకున్నాం. “పిల్లలు మైనర్లు. బాబుకి 18 నిండాక ఇంకో మూడేళ్ల దాకా టైముంది. ఇప్పుడు కోర్టుకెక్కితే వర్తకుడితో మాట పోతుంది” అంటున్నారు. వర్తకుడు కూడా “మీ బావగారు చెప్పింది కరెక్టేనమ్మా” అంటున్నాడు. నాకు టెన్షన్‌గా ఉంది. ఆగవచ్చా?

జవాబు: ఆగకూడదు తల్లీ. ఈ జవాబు అచ్చులో వచ్చేదాకా కూడా ఆగకూడదనే, మీ ఉత్తరం చివర ఉన్న నంబరుకి ఫోన్ చేసి ఆ రోజే చెప్పాను. మిగతావాళ్ల కోసం ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ఎప్పుడడిగితే అప్పుడు ఇస్తానని రాసిన ప్రోనోటుకి, నోటు మీద తేదీ నుంచి మూడేళ్లు గడువు. మీ నోటుకి 2025 నవంబరు 14 ఆఖరు రోజు. ఆ తర్వాత వేస్తే, అవతలివాడు కోర్టుకి రాకపోయినా, వచ్చి నోరు మెదపకపోయినా, జడ్జిగారు తనంతట తానే దావా కొట్టేయాలి. కాలపరిమితి చట్టం 3వ సెక్షన్ అంత ఖచ్చితంగా ఉంది.

మీ బావగారు చెబుతున్నది అదే 1963 నాటి చట్టంలో 6వ సెక్షన్. అది ఉన్నమాటే. కానీ ఆ సెక్షన్‌లో ఒక చిన్న ముక్క ఉంది: గడువు ఏ రోజు నుంచి లెక్కపెట్టాలో, ఆ రోజుకి దావా హక్కు ఉన్న మనిషి మైనరై ఉండాలి. 2022 నవంబరు 14న ఆ 4 లక్షలు ఎవరివి? మీ ఆయనవి. ఆయన మైనరా? కాదు. కాబట్టి ఆ రోజే లెక్క మొదలైపోయింది. ఆయన పోయాక హక్కు పిల్లలకి వచ్చింది నిజమే. కానీ ఒకసారి నడక మొదలెట్టిన గడువు ఆ తర్వాత ఏం జరిగినా ఆగదని 9వ సెక్షన్ చెబుతోంది. ధవళేశ్వరంలో తలుపులెత్తాక కాలవలో నీరు చేను ఎవరి చేతికి మారిందో చూసి నిలబడదు కదా.

ఇది నేను పుస్తకంలో చదవకముందే ఇంట్లో చూశాను. మా నాన్న ముమ్మిడివరం వైపు చిన్న కిరాణా కొట్టు నడిపేవారు. 1978 ఫిబ్రవరిలో ఒక దగ్గర బంధువుకి 1,200 రూపాయలు నోటు మీద ఇచ్చారు. మరుసటి ఏడే పోయారు. నాకప్పుడు పదేళ్లు. ఆ బంధువు ఇంటికొచ్చినప్పుడల్లా “పిల్ల మైనరు తీరనీ వదినా, డబ్బెక్కడికి పోతుంది” అనేవాడు. మా అమ్మ నమ్మింది. నమ్మక ఏం చేస్తుంది, ఊళ్లో అందరూ అదే అన్నారు. ఏటా సంక్రాంతికి ఇల్లు దులిపేటప్పుడు ట్రంకుపెట్టెలోంచి నోటు తీసి, మడతలు విప్పి, చెదలు పట్టలేదని చూసుకుని, మళ్లీ పసుపు గుడ్డలో చుట్టి లోపల పెట్టేది. 1987లో నాకు 18 నిండాక ఇద్దరం వెళ్లి అడిగాం. ఆయన కుర్చీ వేయించి, కాఫీ ఇప్పించి, నోటు చేతిలోకి తీసుకుని చూసి, “దీనికి కాలదోషం పట్టిందమ్మా” అన్నాడు. అబద్ధం కాదు. 1981 ఫిబ్రవరికే అది చచ్చిపోయింది. ఆ రోజుకి నేను ఆరో తరగతి. లా చదివేటప్పుడు 9వ సెక్షన్ దగ్గరకొచ్చి పుస్తకం మూసేసి ఆ పూట భోజనం మానేశాను.

ఆ నోటు ఇప్పుడు నా ఆఫీసు టేబులు అద్దం కింద ఉంది. రెవెన్యూ స్టాంపు మీదుగా అడ్డంగా సంతకం, కింద ఒక సాక్షి సంతకం, ఇంకో సాక్షి వేలిముద్ర. జూనియర్లకి ముందువైపు చూపించను, తిప్పి చూపిస్తాను. వెనక తెల్లగా ఉంటుంది. ఒక్క చెల్లు లేదు. మూడేళ్ల లోపు ఎవరైనా పది రూపాయలు కట్టించుకుని దాని వెనక ఒక వాక్యం రాయించి ఉంటే అది ఇంకో మూడేళ్లు బతికుండేది.

మీ సంగతికి వద్దాం. ముందు బావగారి దగ్గర నుంచి నోటు మీ చేతికి తీసుకోండి. మర్యాదగానే అడగండి, కానీ తీసుకోండి. హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం వచ్చిన 1956 నుంచీ తండ్రి తర్వాత పిల్లలకి సహజ సంరక్షకురాలు తల్లే. పెద్దమనుషులు పెట్టిన గార్డియను చట్టానికి తెలియదు. పిల్లల ఆస్తి విషయం చూస్తున్నానన్న ఒక్క కారణంతో దాన్ని అమ్మడానికిగానీ లావాదేవీ చేయడానికిగానీ వీల్లేదని 11వ సెక్షన్ తేల్చేసింది.

నోటు చేతికొచ్చాక రెండు దారులు. వర్తకుడు నిజంగా మంచివాడైతే మొదటిది చాలు. నవంబరు 14 లోపల ఎంతో కొంత కట్టి, వెయ్యి రూపాయలైనా సరే, నోటు వెనక తన చేత్తో తేదీ వేసి చెల్లు రాసి సంతకం పెట్టాలి. ఆ తేదీ నుంచి మళ్లీ మూడేళ్లు. లేదా కొత్త నోటు రాసివ్వాలి. అది మీ బావగారి పేర కాదు, “ఫలానావారి భార్యగా, మైనరు పిల్లల తల్లీ గార్డియనుగా” మీ పేర. నవంబరు 15న రాసిన చెల్లు మాత్రం గడిచిన గడువుని తిరిగి తేలేదు. అప్పుడు పనికొచ్చేది ఒకటే, పాత బాకీ ఇస్తానని స్పష్టంగా ఒప్పుకుంటూ సంతకం పెట్టిన కొత్త కాగితం. కాంట్రాక్టు చట్టం 25వ సెక్షన్ దానికి విలువిస్తుంది. కానీ గడువు దాటాక అలాంటి కాగితం రాసిచ్చే బాకీదారుని నా సర్వీసులో వేళ్ల మీద లెక్కపెట్టగలను.

చెల్లు రాయమంటే వర్తకుడు నసిగితే ఇక రెండో దారే, దావా. వాదులుగా మీరు, మీ ద్వారా పిల్లలిద్దరు, మీ అత్తగారు ఉంటే ఆవిడ కూడా. ఆవిడా మీతో సమానంగా వారసురాలే. ఈ సంగతి చాలామంది మర్చిపోతారు. చనిపోయినవారికి రావలసిన అప్పు కాబట్టి డిక్రీ ఇచ్చే ముందు కోర్టు వారసత్వ ధ్రువపత్రం అడుగుతుంది. అది వచ్చాకే దావా వేద్దామని కూర్చోకండి. దావా గడువులో పడాలి, ధ్రువపత్రం డిక్రీ నాటికి ఉంటే చాలు. పిల్లల తరఫున రాజీ పడాలన్నా, వాళ్ల వాటా డబ్బు తీసుకోవాలన్నా కోర్టు అనుమతి కావాలి. లోక్ అదాలత్‌లో అయినా అంతే. ఫీజు భయం పెట్టుకోకండి. ఆడవాళ్లకీ పిల్లలకీ ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయసహాయం ఉంది. కోర్టు ఆవరణలోనే మండల న్యాయ సేవా కమిటీ ఉంటుంది, అక్కడ దరఖాస్తు ఇవ్వండి.

ఒక్కమాట, మాట పోతుందన్న భయం గురించి. 1996 నవంబరు 6 తుపానుకి కోనసీమలో కొబ్బరిచెట్లు పడిపోయాక ఇచ్చినవాడు అడగలేడు, తీసుకున్నవాడు ఇవ్వలేడు. చెట్టు లేనివాణ్ణి దింపు డబ్బు ఎలా అడుగుతాం? అయినా తెలివైనవాళ్లు మర్యాదగా వెళ్లి, టీ తాగి, నోటు తిరగరాయించుకొచ్చారు. మొహమాటపడ్డవాళ్ల నోట్లు 1999 నవంబరులో మా సీనియరు గారి టేబులు మీద గుట్టగా పడ్డాయి, కొన్ని ఒక రోజు ఆలస్యంగా. మాట నిలబెట్టుకునే మనిషికి చెల్లు రాయడానికి అభ్యంతరం ఉండదు. బాకీదారే “టైముందమ్మా” అని ధైర్యం చెబుతుంటే మాత్రం నాకు మా బంధువు ఇప్పించిన కాఫీ గుర్తొస్తుంది.

ప్రశ్న: మేడమ్, మాది భీమవరం పక్క ఊరు. నేను 2005 మార్చి 9న పుట్టాను. తాతగారు నా చిన్నప్పుడే 2 ఎకరాలు నా పేర రిజిస్టరు చేయించారు. నాన్న లేరు. 2017లో మా మావయ్య ఆ పొలాన్ని రొయ్యల చెరువుకి 8 ఏళ్ల లీజుకి ఇచ్చారు. ఏటా జూన్ 1కి లీజు డబ్బు ఇవ్వాలి. మొదటి ఏడాదిదే ఇచ్చాడు. 2018 నుంచి 2024 దాకా బాకీ. ఇప్పుడడిగితే “మూడేళ్లకి ముందువి పోయాయి. పైగా 2021లో మీ మావయ్యతో సగానికి సెటిల్ చేసుకున్నాను, చెల్లు రాసిచ్చారు” అంటున్నాడు. మావయ్యేమో “ఆస్తి విషయాల్లో మేజరు అంటే 21, తొందరేంలేదు” అంటున్నారు. ఎవరి మాట నిజం?

జవాబు: ఇద్దరిదీ కాదు. మీకు చట్టం పూర్తిగా తోడుంది, టైము మాత్రం తక్కువుంది.

పై ఉత్తరంలో అడిగిన ప్రశ్నే ఇక్కడా అడుగుదాం. 2018 జూన్ 1న ఆ లీజు డబ్బు ఎవరికి రావాలి? మీకు. ఆ రోజు మీరు మైనరా? అవును, 13 ఏళ్లు. 2019, 20, 21, 22, అన్ని జూన్‌లకీ అదే జవాబు. ఆ బాకీలు పుట్టినప్పుడే మైనరు చేతిలో పుట్టాయి. కాబట్టి వాటికి 6వ సెక్షన్ వర్తిస్తుంది. మీకు 18 నిండిన 2023 మార్చి 9 నుంచి మూడేళ్ల లోపు వేయొచ్చు. 2026 మార్చి 9 దాటితే ఆ అయిదేళ్ల డబ్బూ ఒక్క దెబ్బకి పోతుంది. మేజరయ్యాక మూడేళ్లకి మించి ఏ పరిస్థితిలోనూ పెంచకూడదని 8వ సెక్షన్ గట్టిగా గిరి గీసింది. 2023, 2024 జూన్‌లవి మీరు మేజరయ్యాక వచ్చినవి కాబట్టి వేటి మూడేళ్లు వాటికున్నాయి. కానీ విడివిడిగా ఎందుకు? అన్నీ ఒకే దావాలో పెట్టండి. నేనైతే మార్చి దాకా రానివ్వను, ఫిబ్రవరిలోనే నంబరు వేయించేస్తాను.

మావయ్య గారి 21 ఏళ్ల మాట వెనక ఒక పాత నిజం ఉంది. కోర్టు గార్డియన్ని పెట్టిన పిల్లలకీ, కోర్ట్ ఆఫ్ వార్డ్స్ (మైనరు వారసుల ఎస్టేట్లు చూసే సర్కారు ఏర్పాటు) కింద ఉన్న జమీందారు పిల్లలకీ ఒకప్పుడు 21 నిండితేగానీ మైనరు తీరేది కాదు. 1999లో ఆ తేడా తీసేశారు. ఇప్పుడు అందరికీ 18 ఏళ్లే. మావయ్య గారికి ఆ సవరణ చేరలేదన్నమాట.

ఇక 2021 సెటిల్‌మెంటు. మీ అమ్మగారు ఉండగా మావయ్య మీకు చట్టపరమైన సంరక్షకుడు కాదు. ఆయన రాసిన చెల్లు మిమ్మల్ని కట్టిపడేయదు. అయితే ఆ సగం డబ్బు మీ కాలేజీ ఫీజుకీ, మీ ఇంటి ఖర్చుకీ వెళ్లిందని చెరువాయన రుజువు చేస్తే ఆ మేరకు కోర్టు లెక్కలోకి తీసుకునే అవకాశం ఉంది. అందుకని మావయ్య గారిని కూర్చోబెట్టి ఆ డబ్బు లెక్క కాగితం మీద రాయించండి. కోపంతో కాదు. “మావయ్యా, కోర్టులో అడుగుతారు, లెక్క రాసిపెట్టు” అంటే రాస్తారు. రాయనంటే ఆయన్నీ దావాలో చేర్చాలి, గడువు అదే.

అసలు ఆ లీజే తప్పు. తల్లి అయినా సరే, కోర్టు అనుమతి లేకుండా మైనరు భూమిని 5 ఏళ్లకి మించి లీజుకి ఇవ్వకూడదు. మైనరు తీరాక ఏడాదికి మించి సాగేలా కూడా ఇవ్వకూడదు. మీ లీజు 2017 నుంచి 8 ఏళ్లు. రెండు గీతలూ దాటింది. సంరక్షకులు చేసిన బదిలీని రద్దు చేయించుకోవడానికి కూడా మేజరైన రోజు నుంచి మూడేళ్లే గడువు. మావయ్య చేసింది మొదటికే చెల్లదు, రద్దుతో పనిలేదని వాదించవచ్చు, నేనూ అదే వాదిస్తాను. కానీ ఆ వాదన మీద పందెం కాయకుండా, భూమి స్వాధీనం కూడా ఇదే దావాలో అడగండి. చెరువు గట్లు తీసి మళ్లీ సార్వా ఊడ్చాలంటే ఆ ఉప్పు నేలతో ఎన్నాళ్లు పడతారో అది వేరే బాధ. దానికి నా దగ్గర సెక్షన్ లేదు.

ప్రశ్న: నాకు 17 ఏళ్లండి, పాలకొల్లు. నాన్న పోయాక వచ్చిన ఇన్సూరెన్సు డబ్బులో నా వాటా 5 లక్షలు మా మావయ్య 2021 జులైలో ఒకరికి వడ్డీకి ఇచ్చారు. నోటు రాయించారు. నాకు 18 నిండాక నేను ఆ బాకీదారు మీద దావా వేయొచ్చా? మావయ్య నన్ను సొంత కూతురిలా పెంచారు, ఆయన్ని బాధపెట్టడం ఇష్టం లేదు.

జవాబు: అమ్మాయీ, ముందు ఆ నోటు అడిగి తీసుకుని మొదటి రెండు లైన్లు చదువు. ఎవరికి రాసిచ్చినట్టుంది? “మైనరు ఫలానా తరఫున గార్డియను ఫలానా” అని నీ పేరు ఉంటే ఆ బాకీ పుట్టిన రోజే నీది. నీ 21వ పుట్టినరోజు లోపల నిశ్చింతగా వేసుకోవచ్చు.

నీ పేరు లేకుండా మావయ్య పేరొక్కటే ఉంటే కథ మారుతుంది. నోటు ఎవరి పేర ఉందో వాళ్లే దాని మీద దావా వేయాలి. మావయ్య మైనరు కాదు కాబట్టి నీ వయసు ఆ నోటుకి అక్కరకు రాదు. కోవిడ్ వల్ల 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 దాకా కాలాన్ని సుప్రీంకోర్టు లెక్కలోంచి తీసేసింది. అది కలుపుకున్నా ఆ నోటు గడువు 2025 ఫిబ్రవరి 28తో సరి. మధ్యలో చెల్లు ఏమైనా ఉందేమో వెనక తిప్పి చూడు.

లేకపోతే నీ డబ్బు బాధ్యత ఇక మావయ్యదే. నీ డబ్బు తన పేర తిప్పినవాడు నీకు లెక్క చెప్పాలి. బాధపెట్టమని చెప్పడం లేదు. “ఇన్సూరెన్సు తాలూకు 5 లక్షలు నా మేనకోడలివి, నా దగ్గర ఉన్నాయి” అని ఒక తెల్లకాగితం మీద తేదీ వేసి సంతకం పెట్టివ్వమను. కూతురిలా పెంచినాయన కళ్లజోడు పెట్టుకుని ఆ పూటే రాసిస్తాడు. ఇవ్వకపోతే మళ్లీ నాకు రాయి, 18 నిండిన మూడేళ్ల లోపు.

ప్రశ్న: మేం ఇద్దరు అన్నదమ్ములం, మండపేట. నాన్న 2016లో పోయారు. తాతల నాటి ఉమ్మడి పొలం. 2017 ఏప్రిల్‌లో దాళ్వా ధాన్యం ఒక మిల్లుకి తోలాం, డబ్బు ఇవ్వలేదు. అన్నయ్య పుట్టింది 1999 ఆగస్టు 20. నాకిప్పుడు 19. నాకింకా టైముందని అన్నయ్య నా పేరుతో దావా వేయమంటున్నాడు. చెల్లుతుందా?

జవాబు: మీ అన్నయ్య తెలివైనవాడే, కానీ 7వ సెక్షన్ ఆయన కంటే ముందే పుట్టింది. హక్కు ఇద్దరిదీ కలిపి ఉన్నప్పుడు, ఒకరు రెండోవారిని అడగకుండా చెల్లు ఇవ్వగలిగితే ఇద్దరికీ గడువు కలిసే నడుస్తుంది. ఉమ్మడి కుటుంబంలో పెద్దవాడు యాజమాన్యం చేస్తుంటే ఆయన అలా ఇవ్వగలడు. ఆయనకి 18 నిండింది 2017 ఆగస్టు 20న. మూడేళ్లకి కోవిడ్ మినహాయింపు కలిపితే 2022 ఆగస్టు మొదటి వారానికి అయిపోయింది. మీ వయసుతో నిమిత్తం లేదు.

అయితే ఒక సందు ఉంది. పెద్దవాడైనంత మాత్రాన చాలదు, నిజంగా ఆస్తి యాజమాన్యం ఆయన చేతిలో ఉండాలని ఆ సెక్షన్ వివరణే చెబుతోంది. మీ అన్నయ్య కాకినాడలో చదివి, అటునుంచటే హైదరాబాదు ఉద్యోగానికి వెళ్లి, పొలం మొహం చూడకపోతే, అన్నీ మీ అమ్మగారే చూసుకుంటూ ఉంటే, మీ మైనరు లెక్క బతికే ఉందని వాదించవచ్చు. అమ్మగారు ఎంత చూసుకున్నా చట్టప్రకారం కర్త, అంటే ఉమ్మడి కుటుంబ యజమాని, కాలేరు. రుజువు మాత్రం నోటితో కుదరదు. ధాన్యం బిల్లులు, ఎరువుల కొట్టు పద్దు, నీటితీరువా రసీదులు, కౌలు కాగితాలు ఎవరి సంతకంతో ఉన్నాయో బయటికి తీయండి. వాటిలో మూడు కాగితాల మీద అన్నయ్య సంతకం కనిపిస్తే నేను ఈ కేసు తీసుకోను.

ప్రశ్న: నేను అప్పిచ్చినవాణ్ణి. తణుకు. 2023 ఏప్రిల్‌లో నోటు మీద ఇచ్చాను, తీసుకున్నాయన పోయాడు. పిల్లలు మైనర్లు కాబట్టి వాళ్లు పెద్దయ్యేదాకా నా గడువు కూడా ఆగుతుందా?

జవాబు: ఆగదు. ఆ వెసులుబాటు హక్కు అడిగే మైనరుకే గానీ, మైనరుని అడిగేవారికి కాదు. మీ మూడేళ్లు 2026 ఏప్రిల్‌తో సరి. ఆ తల్లినీ పిల్లలనీ ప్రతివాదులుగా పెట్టి, పిల్లలకి గార్డియన్ని కోర్టు చేత వేయించి దావా నడపాలి. వచ్చేది కూడా తండ్రి వదిలివెళ్లిన ఆస్తి మేరకే. పిల్లల సొంత ఆస్తి జోలికి వెళ్లలేరు. ఆ తల్లి గార్డియనుగా నోటు వెనక చెల్లు రాసిస్తే గడువు పెరుగుతుంది, అది చట్టం ఒప్పుకుంటుంది. మర్యాదగా వెళ్లి అడగండి. పెద్దమనుషుల్ని వెంటేసుకుని వెళ్లకండి, ఆవిడ ఇంకా తేరుకుని ఉండదు.

ప్రశ్న: రాజోలు నుంచి ఒక నాయనమ్మని. మా అబ్బాయి 2023 జనవరి 14న రాయించుకున్న నోటు ఉంది. వాడు లేడు, కోడలు లేదు, మనవడి వయసు 8. నేనే చూసుకుంటున్నాను. మీరు పోయినసారి చెప్పినట్టు లెక్కేస్తే ఆఖరి రోజు సంక్రాంతి సెలవుల్లో పడుతోంది. ఎలాగమ్మా?

జవాబు: పెద్దమ్మా, లెక్క సరిగ్గానే వేశారు. ఆఖరి రోజు కోర్టు మూసి ఉంటే, మళ్లీ తెరిచిన రోజు వేయొచ్చు. ఆ మర్నాడు కాదు, తెరిచిన ఆ రోజే. అప్పీళ్లకి ఆలస్యం మాఫీ చేస్తారు గానీ దావాలకి చేయరు. బస్సు తప్పిందనీ, కోడిపందేల దగ్గర రోడ్డు నిండిపోయిందనీ చెబితే జడ్జిగారు నవ్వుతారు, దావా మాత్రం కొట్టేస్తారు. మనవడి తరఫున మీరే వేయొచ్చు. అబ్బాయికి తల్లిగా మీకూ అందులో వాటా ఉంది, కాబట్టి వాదిగా మీ పేరు కూడా ఉండాలి. అయినా పండగ దాకా ఎందుకు? డిసెంబరులో ఒక సోమవారం నోటు, అబ్బాయి మరణ ధ్రువపత్రం, మనవడి పుట్టినతేదీ కాగితం పట్టుకుని కోర్టుకి రండి. నోటుకి ముందువైపూ వెనకవైపూ రెండిటికీ జిరాక్సు తీయించండి.